లైను లెక్క చెప్పిన ఆంద్రే బ్లాండెల్

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి పంపమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, ఎవరి గురించి రాయాలా అని నేను పెద్దగా ఆలోచించలేదు. మనమంతా కరెంటు డిపార్ట్‌మెంటు వాళ్ళం కాబట్టి ఎడిసన్ గురించి, టెస్లా గురించి ఎవరో ఒకరు రాస్తారు. కె.ఎల్. రావు గారి గురించి నాకంటే బాగా రాయగలవారు మనలోనే చాలామంది ఉన్నారు. నేను మాత్రం సర్వీసులో ఎక్కువ కాలం మీటర్ల టెస్టింగులో గడిపినవాణ్ణి. ఆ పనిలో ప్రతిరోజూ ఎవరి మాట మీద ఆధారపడ్డానో, ఎవరి మాట సరిగా అర్థం చేసుకోక ఒకసారి పెద్ద తప్పు చేశానో, ఆయన గురించే రాయడం న్యాయమనిపించింది. ఆయన ఫ్రెంచి ఇంజనీరు ఆంద్రే బ్లాండెల్. ఎలక్ట్రికల్ చదివిన ప్రతివాడూ బ్లాండెల్ సిద్ధాంతం అని పరీక్షలో ఒక ప్రశ్నకు జవాబు రాసే ఉంటాడు. రాసి, మర్చిపోయి కూడా ఉంటాడు.

మాది కోనసీమలో నగరం. 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలిన ఘోర ప్రమాదంతో ఆ పేరు దేశమంతటికీ తెలిసింది గాని, అంతకు ముందు మా ఊరి పేరు చెబితే ఏ నగరమండీ అని అడిగేవారు. అయితే ఇంజనీర్ల పుస్తకాల్లో మా పేరు ఎప్పుడో ఎక్కింది. వైనతేయ గోదావరికి ఇవతల ఉన్న ఈ గడ్డను కాటన్ దొర రోజుల్లో నగరం ద్వీపం అనేవారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినా కాలువ నీరు ఏటికి అవతలే ఆగిపోతుంది కనుక, గన్నవరం దగ్గర ఏటి మీదుగా 49 ఖానాల అక్విడక్టు కట్టి నీటిని మా వైపు దాటించారు. ఇప్పుడు అక్కడ డొక్కా సీతమ్మ గారి పేరున కొత్త అక్విడక్టు ఉంది. నా చిన్నప్పుడు కాలువల డిపార్ట్‌మెంటు ఉద్యోగులు కొలబద్ద చూసి మట్టం రాసుకుని పోవడం చూసి, ఇంత నీటిని ఒక్క కర్రతో ఎలా కొలుస్తారా అని ఆశ్చర్యపోయేవాణ్ణి. దారి ఒక్కటే అయితే కొలిచేచోటు ఒక్కటి చాలు. ఆ సంగతి నాకు తర్వాత అర్థమయింది.

కరెంటు అలా ఒక్క దారిన రాదు. మన హెచ్.టి. లైను చూడండి, మూడు తీగలు. ఒక్కొక్క తీగలో కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. ఒక క్షణాన రెండు తీగల్లో వచ్చి మూడో దానిలో పోతుంది, మరుక్షణం ఆ వరస మారిపోతుంది. మరి ఈ లైను మీద మొత్తం ఎంత పవరు పోతోందో తెలియాలంటే ఎన్నిచోట్ల కొలవాలి? మూడు తీగలకు మూడు మీటర్లా? రెండు చాలా? ఒకటి పెట్టి మూడుతో హెచ్చిస్తే సరిపోదా? ఈ రోజు చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. 1890 ప్రాంతంలో మాత్రం ఇది డబ్బుతో ముడిపడిన పెద్ద చిక్కు.

అంతకు ముందు డి.సి. కరెంటు ఉన్నంత కాలం బాధ లేదు. వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు వచ్చేవి. ఎ.సి. వచ్చాక ఆ హెచ్చవేత అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. వోల్టేజీ ఊగే వేళకూ కరెంటు ఊగే వేళకూ మధ్య తేడా ఉంటే, అంటే పవర్ ఫ్యాక్టరు తక్కువగా ఉంటే, ఆంపియర్లు ఎన్ని కనిపించినా అసలు పని అంత జరగదు. 1889లో హంగేరీ దేశస్థుడు ఓటో బ్లాతీ తిరిగే పళ్ళెం ఉన్న ఎ.సి. మీటరు తయారు చేసి ఆ చిక్కు విప్పారు. మన ఇళ్ళలో నిన్నమొన్నటి దాకా తిరిగిన అల్యూమినియం పళ్ళెం ఆ వంశానిదే. కానీ అది రెండు తీగల మాట. 1891లో జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఎగ్జిబిషన్‌కు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల కరెంటు పంపి చూపించేసరికి లోకమంతా మూడు తీగల వైపు మళ్ళింది. లైన్లు లేచాయి గాని, వాటి మీద పోయే సరుకును తూచే పద్ధతికి గట్టి పునాది లేదు. తలా ఒక విధంగా కొలిచేవారు. ఆ సమయంలో బ్లాండెల్ రంగంలోకి వచ్చారు.

ఆయన 1863 ఆగస్టు 28న ఫ్రాన్సులోని షోమాన్ పట్టణంలో జన్మించారు. తండ్రి న్యాయాధికారి, డిజాన్ ఊరి పాత కుటుంబీకుడు. పిల్లవాడు చదువులో ఎప్పుడూ ముందే. పారిస్‌లో రోడ్లు, వంతెనల ఇంజనీర్లను తయారు చేసే పేరుపడ్డ కాలేజీలో చేరి 1888లో తన తరగతిలో ప్రథముడిగా బయటికి వచ్చారు. గమనించారా, చదివింది సివిల్ పక్కన. మన డిపార్ట్‌మెంటులో సివిల్ వాళ్ళూ ఎలక్ట్రికల్ వాళ్ళూ ఒకరినొకరు ఎన్ని మాటలనుకునేవారో గుర్తున్నవారు ఇక్కడ కొంచెం నవ్వుకోవచ్చు. ఎలక్ట్రికల్ మీటరింగుకు మూలసూత్రం చెప్పినాయన వంతెనల కాలేజీ విద్యార్థి.

ఉద్యోగం ఫ్రెంచి ప్రభుత్వపు దీపస్తంభాల శాఖలో. సముద్రపు ఒడ్డున లైట్‌హౌసులు, ఓడలకు దారి చూపే గుర్తులు చూసుకునే శాఖ అది. మా వైపు వారికి అంతర్వేది లైట్‌హౌసు తెలుసు కాబట్టి ఆ శాఖ పని ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో లైట్‌హౌసుల్లోకి కర్బన కడ్డీల మధ్య మండే ఆర్క్ దీపాలు వచ్చి చేరుతున్నాయి. వాటి వెలుగు ఎంత, దానికి పోయే కరెంటు ఎంత అని కొలవాల్సిన అవసరం శాఖకు ఉంది. బ్లాండెల్ 1927లో రిటైరయ్యే వరకు ఆ ఒక్క శాఖలోనే పనిచేశారు. పై పదవి దాకా ఎదిగారు. మధ్యలో తాను చదివిన కాలేజీలోనూ, పారిస్ గనుల కాలేజీలోనూ విద్యుత్ శాస్త్రం బోధించారు. జీవితమంతా ఒకే శాఖలో గడిపి పెన్షను తీసుకున్న మనిషి ఇన్ని పనులు చేశాడంటే మన సంఘం సభ్యులకు ప్రత్యేకంగా ముచ్చటేస్తుందని నా నమ్మకం.

1893 ఆగస్టులో అమెరికాలోని చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా అంతర్జాతీయ విద్యుత్ మహాసభ కూడింది. వోల్టు, ఆంపియరు, ఓము, వాటు, జూలు, హెన్రీ మొదలైన కొలమానాలకు ఆ సభలో అంతర్జాతీయ ఆమోదం దొరికింది. ఎ.సి. లెక్కల్ని కాంప్లెక్స్ సంఖ్యలతో సులువుగా చేయడం స్టైన్‌మెట్జ్ వినిపించింది కూడా ఆ సభకే. ముప్పై ఏళ్ళు నిండుతున్న బ్లాండెల్ పేరున ఒక పత్రం ఆ సభ ముందుకు వచ్చింది. అనేక ఫేజుల కరెంటులో శక్తిని కొలవడం ఎలా అన్నది దాని విషయం. ఆయన పేరు నిలబెట్టిన సిద్ధాంతం అందులోనిదే.

ఆ సిద్ధాంతాన్ని లెక్కలు లేకుండా, మన బోదెల భాషలో చెబుతాను. ఇంట్లో పిల్లలకు కూడా చదివి వినిపించవచ్చు.

ఒక మర ఉందనుకోండి. దానికి మూడు బోదెలు కలుస్తున్నాయి. ఒకసారి రెండింటిలో నీరు వచ్చి మూడో దానిలో పోతుంది, ఇంకోసారి ఒక దానిలో వచ్చి రెండింటిలో పోతుంది. మర దగ్గర నీరు నిలవ ఉండదు, వచ్చినదంతా పోవాలి. ఆ మరకు నీటి వల్ల అందిన పని ఎంత? ఒక్కొక్క బోదెలో పారే నీటిని ఆ బోదె మట్టం ఎత్తుతో హెచ్చించి, వచ్చేదాన్ని కూడి, పోయేదాన్ని తీసివేయాలి. కరెంటులో పారే నీరంటే ఆంపియర్లు, ఎత్తంటే వోల్టులు. సరే, ఎత్తు ఎక్కడినుంచి కొలవాలి? సముద్ర మట్టం నుంచా, ఇంటి అరుగు నుంచా? ఎక్కడినుంచి కొలిచినా జవాబు ఒకటే అన్నారు బ్లాండెల్. అరుగును అడుగు ఎత్తు పెంచితే మూడు కొలతలూ అడుగు చొప్పున తగ్గుతాయి. వచ్చే నీరూ పోయే నీరూ సమానం కాబట్టి ఆ తగ్గింపు కూడికలో తనంత తానే కొట్టుకుపోతుంది. అలాంటప్పుడు మూడో బోదె మట్టాన్నే అరుగుగా తీసుకుంటే ఏమవుతుంది? దాని ఎత్తు సున్న. ఆ బోదెలో ఎంత నీరు పారినా సున్నతో హెచ్చిస్తే సున్నే. ఇక అక్కడ కొలిచే మనిషితో పని లేదు.

అదీ సంగతి. తీగలు ఎన్ని ఉంటే వాటిలో ఒకటి తగ్గించి అన్ని వాట్‌మీటర్లు పెడితే చాలు, మొత్తం పవరు తెలుస్తుంది. మూడు తీగలకు రెండు, నాలుగు తీగలకు మూడు. లోడు మూడు ఫేజుల మీద సమానంగా ఉన్నా లేకపోయినా, పవర్ ఫ్యాక్టరు ఎలా ఉన్నా, కరెంటు అలలు వంకర తిరిగినా ఈ లెక్క తప్పదు. దీనికున్న షరతు ఒక్కటే. లెక్కలో లేని నాలుగో దారి ఉండకూడదు. న్యూట్రల్ ద్వారానో భూమిలోంచో కరెంటు తిరిగి వెళ్ళే వీలుంటే అది కూడా ఒక తీగ కిందే లెక్క, దానికి ఇంకో కన్ను కావాలి. హెచ్.టి. సర్వీసుల్లో ఒకప్పుడు రెండు సి.టి.లు పెట్టి సరిపెట్టిన చోట తర్వాత మూడు పెట్టడం ఆనవాయితీ కావడానికి కారణం ఈ షరతే.

ఇందులోంచి వచ్చే ఇంకో మాటను మాత్రం మనవాళ్ళు చాలామంది పట్టించుకోరు. రెండు వాట్‌మీటర్లలో ఏ ఒక్కదాని సంఖ్యకూ విడిగా అర్థం లేదు. కూడితేనే అర్థం. పవర్ ఫ్యాక్టరు సరిగ్గా సగానికి పడిపోతే రెండింటిలో ఒకటి సున్న చూపిస్తుంది, ఇంకా పడితే వెనక్కి తిరుగుతుంది. లైను బాగానే ఉంటుంది, మీటరూ బాగానే ఉంటుంది. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

1983లో అనుకుంటాను, నేను మీటర్ల టెస్టింగులో అసిస్టెంటు ఇంజనీరుని. గోదావరికి అవతల ఒక రైసు మిల్లు ఉండేది. ఊరి పేరూ మిల్లు పేరూ ఇక్కడ అనవసరం. కొత్త పంట వచ్చి మిల్లు జోరుగా ఆడుతున్న రోజుల్లో యూనిట్లు సగానికంటే దిగువకు పడిపోయాయి. దొంగతనం జరుగుతోందేమో చూసి రమ్మని నన్ను పంపారు. నేను కిట్టు తీసుకుని వెళ్ళి, సీళ్ళు చూశాను, అన్నీ ఉన్నాయి. నా దగ్గరున్న ప్రామాణిక మీటరును వాళ్ళ మీటరు పక్కన కలిపి, పళ్ళెం తిప్పులు లెక్కపెట్టాను. రెండూ అచ్చంగా ఒకటే చెప్పాయి. మీటరు నిక్షేపంగా ఉంది, యూనిట్లు మాత్రం రావడం లేదు. అంటే మీటరును తప్పించి కరెంటు వాడుతున్నారన్నమాట. ఆ అర్థం వచ్చేటట్టు రిపోర్టు రాసి సంతకం పెట్టాను. అప్పటికి నా వయసు ముప్పై దాటింది, చేతిలో కిట్టు ఉంది, మనసులో అనుమానం లేదు.

మిల్లు యజమాని లబోదిబోమన్నాడు. తనకేమీ తెలియదన్నాడు. డిపార్ట్‌మెంటు కోపం చల్లార్చడానికి తన దగ్గర పనిచేసే ఎలక్ట్రీషియన్ కుర్రవాణ్ణి ఆ వారమే మాన్పించాడు. ఆ అబ్బాయికి కొత్తగా పెళ్ళయింది. నా దగ్గరకు రెండుసార్లు వచ్చాడు. నేను కాగితం మీద ఉన్నదే మాట్లాడాను.

మూడు నెలలు గడిచాక పాత రీడింగులు తిరగేస్తుంటే ఒక వింత కనిపించింది. సీజను లేని నెలల్లో, మోటార్లు ఉత్తినే తిరిగే రోజుల్లో, యూనిట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. మిల్లు నిండా పని ఉన్నప్పుడే పడిపోతున్నాయి. దొంగ అయినవాడు ఖాళీ రోజుల్లో మాత్రం నిజాయితీగా ఉంటాడా? ఆ రాత్రి కాకినాడ కాలేజీలో చదివిన పాత పుస్తకం తీసి బ్లాండెల్ సిద్ధాంతం ఉన్న పేజీ దగ్గర కూర్చున్నాను. పరీక్ష కోసం కంఠతా పట్టిన సమీకరణాన్ని మొదటిసారి నా మిల్లుకు అన్వయించి చూసుకున్నాను.

ఏం జరిగిందంటే, ఆ సీజనుకు కొంచెం ముందు ఆర్ ఫేజు సి.టి. కాలిపోతే కొత్తది వేశారు. వేసినప్పుడు దాని రెండు చివరలూ తారుమారయ్యాయి. దాంతో ఆ ఫేజు కన్ను ఉన్నదాన్ని కూడడానికి బదులు తీసివేస్తోంది. మోటార్ల మీద పూర్తి లోడు పడి పవర్ ఫ్యాక్టరు 0.8 ఉన్నప్పుడు అలాంటి మీటరు నూటికి 43 మాత్రమే చూపిస్తుంది. 0.5 దగ్గర అసలు తేడాయే కనిపించదు. ఎందుకంటే ఆ దగ్గర ఆ కన్ను చూసేది సున్న, సున్నను కూడినా తీసివేసినా ఒకటే. మరి నేను పెట్టిన ప్రామాణిక మీటరు ఎందుకు పట్టుకోలేదు? దానికి కూడా అవే సి.టి.ల నుంచి, అవే వైర్ల మీదుగా కరెంటు వెళ్ళింది. రెండు మీటర్లూ ఒకే తప్పు కళ్ళతో చూసి ఒకే తప్పు చెప్పాయి. నేను మీటరును పరీక్షించాను గాని, లైనుకు ఎన్ని కళ్ళున్నాయి, అవి ఎటు చూస్తున్నాయి అని పరీక్షించలేదు.

మర్నాడే వెళ్ళి చివరలు మార్పించాను. తప్పు నాదని రెండో రిపోర్టు రాశాను. దాని ఫలితంగా నాకు రావలసిన మాటలు నాకు వచ్చాయి, అది వేరే సంగతి. మిల్లుకు దొంగతనం మచ్చ పోయి, లెక్క ప్రకారం కట్టాల్సినది మాత్రం మిగిలింది. ఆ కుర్రవాడు అప్పటికే ఇంకో ఊళ్ళో మోటార్లు వైండింగు చేసే కొట్టులో కుదిరాడు. వెతుక్కుంటూ వెళ్ళి జరిగింది చెప్పాను. చేతిలో రాగి తీగ చుడుతూనే విన్నాడు. ఏ ఫేజండీ అని ఒక్కటే అడిగాడు. చెప్పాను. తల ఊపి మళ్ళీ చుట్టలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. మిల్లులో మళ్ళీ చేరలేదు.

నా గొడవ కొంచెం ఎక్కువయింది. బ్లాండెల్ దగ్గరకు వస్తాను.

1893లోనే ఆయన ఇంకో ఘనకార్యం చేశారు. సెకనుకు పదుల సార్లు ఊగే ఎ.సి. కరెంటు అసలు ఏ ఆకారంలో ఊగుతుందో అప్పటిదాకా ఎవరూ సరిగా చూడలేకపోయారు. మీటరు ముల్లు అంత వేగంగా కదలలేదు, సగటు మాత్రమే చూపిస్తుంది. బ్లాండెల్ బరువు లేనంత చిన్న అద్దాన్ని అయస్కాంతాల మధ్య సన్నటి తీగ మీద బిగించారు. తీగలో కరెంటు పోతే అద్దం వణుకుతుంది, దాని మీద పడిన వెలుగు చుక్క ఫోటో ప్లేటు మీద గీత గీస్తుంది. దాన్నే ఆసిల్లోగ్రాఫ్ అన్నారు. వెలుగుకు బరువు లేదు కనుక ముల్లుకున్న బద్ధకం దానికి లేదు. ఎలాంటి పరికరమైతే అసలు కదలికను ఉన్నదున్నట్టు గీస్తుందో ముందు లెక్క వేసుకుని, తర్వాత ఆ పరికరం తయారు చేశారు. 1904 సెయింట్ లూయీ ప్రదర్శనలో దానికి గ్రాండ్ ప్రైజు వచ్చింది. కేథోడ్ రే గొట్టం వచ్చేదాకా దాదాపు నలభై ఏళ్ళు ఇంజనీర్లు ఈ పరికరాన్నే నమ్ముకున్నారు.

1894లో వెలుగు కొలతల మీద పడ్డారు. దీపం నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగుకు ల్యూమెన్ అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. 1896లో జెనీవా సభ దాన్ని ఒప్పుకుంది. మొన్న మా మనవరాలు తెచ్చిన ఎల్.ఇ.డి. బల్బు అట్టపెట్టె మీద 9 వాట్లు, 900 ల్యూమెన్లు అని అచ్చు వేసి ఉంది. లైట్‌హౌసు ఇంజనీరు పేరు మనకు తెలియకపోయినా ఆయన కొలత మన ఇంటి అటక మీద ఉంది. 1899లో ఆల్టర్నేటర్ లోపల కరెంటు అయస్కాంతాన్ని ఎలా ఎదిరిస్తుందో రెండు పాళ్ళుగా విడదీసి చూపారు. జనరేటర్ల లెక్కలు చేసిన ఇంజనీర్లకు రెండు రియాక్షన్ల సిద్ధాంతంగా అది తెలుసు. తర్వాత అమెరికాలో పార్క్ దాన్ని ముందుకు తీసుకుపోయారు. ఇది నా శాఖ కాదు కనుక ఇంతటితో వదిలేస్తాను.

ఇంత పనీ ఎలాంటి మనిషి చేశాడో ఇప్పుడు చెప్పాలి. ఉద్యోగం తొలి రోజుల్లోనే బ్లాండెల్‌కు కాళ్ళు పడిపోయాయి. ఆ జబ్బు వల్ల 27 ఏళ్ళ పాటు ఆయన గది దాటి బయటికి రాలేకపోయారు. మనలో మోకాళ్ళ నొప్పులతో రెండో మేడ ఎక్కలేక పెన్షను ఆఫీసుకు మనవణ్ణి పంపేవాళ్ళకు ఇరవై ఏడేళ్ళంటే ఎంతో తెలుస్తుంది. లైట్‌హౌసుల ఇంజనీరు లైట్‌హౌసు మెట్లు ఎక్కలేడు. అయినా పని ఆపలేదు. ఒక గదిలో ఉండి సముద్రపు ఒడ్డు దీపాల గురించీ, వందల కిలోమీటర్ల లైన్ల గురించీ లెక్కలు వేస్తూ పోయారు. 1913లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సభ్యుడిగా ఎన్నికయ్యారు. 1927లో ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్‌లో కమాండర్ హోదా ఇచ్చింది. 1937లో ఇంగ్లండు విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఫారడే పతకం ఇచ్చింది. ఆ మరుసటి సంవత్సరం, 1938 నవంబరు 15న పారిస్‌లో కన్నుమూశారు.

ఆయన కళ్ళ ముందు పూర్తికాని పని ఒకటుంది. 1909 నాటికే మేల్ అనే సహచరుడితో కలిసి, రోన్ నది మీద జెనిసియా దగ్గర పెద్ద జలవిద్యుత్కేంద్రం కట్టి, అక్కడినుంచి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పారిస్‌కు 120 కిలోవోల్టుల లైను వేయాలని పథకం గీశారు. ఆ రోజుల్లో అది కల కింద లెక్క. ఆనకట్ట పని 1937లో మొదలయింది. యుద్ధం అడ్డం వచ్చి, చివరకు 1948లో కరెంటు పుట్టింది. ఆయన పోయి అప్పటికి పదేళ్ళు.

ఆ తర్వాత ఏడేళ్ళకు, 1955లో, మన మాచ్‌ఖండ్ వచ్చింది. ఆంధ్ర, ఒరిస్సా కలిసి కట్టుకున్న కేంద్రం. ఉమ్మడి ఇల్లు అంటే ధాన్యం కొలిచి పంచుకోవాల్సిందే. ఉమ్మడి విద్యుత్కేంద్రం అన్నా అంతే. ఎవరి లైను మీద ఎంత పోయిందో తెలియాలి. అప్పటినుంచి లైన్లు పెరిగాయి, పంపకాలూ పెరిగాయి. 2003 జనవరి 1 నుంచి దక్షిణాది రాష్ట్రాల మధ్య కొత్త టారిఫ్ విధానం అమలులోకి వచ్చింది. రాష్ట్రాల మధ్య లైన్ల మీద ప్రత్యేక మీటర్లు పెట్టారు. అవి రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత కరెంటు ఏ దిక్కుకు పోయిందో రాసుకుంటాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కరెంటు వాటా తెలంగాణకు 53.89 శాతం, మనకు 46.11 శాతం అని దశాంశాలతో సహా రాసుకున్నారంటే, ఆ దశాంశాల వెనక ఉన్నవి మీటర్లే. వాటిలో పొరపాటు 0.2 శాతం లోపు ఉండాలి. అది తక్కువే అనిపిస్తుంది గాని, 500 మెగావాట్ల లైను మీద ఆ 0.2 శాతం అంటే ఒక మెగావాటు, అంటే రోజుకు 24,000 యూనిట్లు. ఆ మీటర్లు ఎలక్ట్రానిక్‌వి, పళ్ళెం లేదు, శబ్దం లేదు. లోపల మూడు ఫేజులకు మూడు కళ్ళు, నాలుగో దారిని కూడా లెక్కలో పెట్టుకుని.

మా అబ్బాయి పోయిన ఏడాది ఇంటి మీద సోలారు పలకలు వేయించాడు. గోడకున్న కొత్త మీటరు పగలు కరెంటు బయటికి పోతే ఒక లెక్క, రాత్రి లోపలికి వస్తే ఇంకో లెక్క చూపిస్తుంది. ఏ దిక్కుకు పోతోందో దానికి ఎలా తెలుస్తుంది తాతయ్యా అని మనవరాలు అడిగితే, కాగితం మీద మరా మూడు బోదెలూ గీసి, రెండింటి దగ్గర కొలబద్దలు పెట్టి చూపించాను. కాసేపు చూసి, మూడో దాని దగ్గర కొలబద్ద పెట్టడం మర్చిపోయావని పెన్సిలు చేతికిచ్చింది.